అమ్మేవాడి మనసు నొప్పించకుండా పాత కారు కొనే పద్ధతి

పాత కారు చూడ్డానికి పోయేటప్పుడు మెకానిక్‌ను వెంట తీసుకుపోవద్దు. ఈ ఒక్కటి పాటిస్తే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. మెకానిక్‌కు మర్యాద తెలియదు. కుర్చీ వేస్తే కూర్చోడు, కాఫీ ఇస్తే పక్కన పెడతాడు. ఓనరు బండి గురించి ప్రేమగా చెబుతుంటే వినకుండా గోనెపట్టా పరుచుకుని కిందికి దూరతాడు. కాసేపటికి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ మీవైపు చూసి తల అడ్డంగా ఊపుతాడు. వీధిలో నలుగురూ చూస్తుండగా ఒక పెద్దమనిషి బండికి అట్లా తల ఊపితే ఆ పెద్దమనిషి పరువేం కావాలి? పైగా ఆ తల ఊపినందుకు మీరు ఐదొందలో వెయ్యో ఇచ్చుకోవాలి.

మెకానిక్ స్థానంలో ముగ్గురు కావాలి. ట్రాక్టరు తోలే బావమరిది ఒకడు. ఇతను బానెట్ ఎత్తి, ఇంజన్ వైపు గంభీరంగా చూసి, యాక్సిలరేటర్ వైరు వేలితో లాగి బుర్రుమనిపించి, "సౌండు బాగుండాది" అంటాడు. రెండోవారు పంచాయతీల్లో మాట్లాడే చిన్నాయన. ఈయన ధర దగ్గర పట్టుబట్టి లక్షా నలభైని లక్షా ముప్పై ఐదుకు దించుతాడు. ఐదువేలు మిగిలిన సంతోషంలో, మిగతా లక్షా ముప్పై ఐదువేలకు ఏం కొన్నామో చూసుకోవాలన్న ధ్యాస మీకు ఉండదు. మూడోది ఒక పిల్లకాయ. వెనక సీట్లో ఎక్కి కూర్చుంటే ఇక దిగని వయసులో ఉండాలి. బేరం తెగకపోయినా సరే, బిడ్డను ఏడిపించి దించుకుని పోయే మనిషి మా మండలంలో ఇంకా పుట్టలేదు.

కొనే కాలం కూడా చూసుకోవాలి. గుర్రంకొండ, వాయల్పాడు, కలికిరి పక్క ఈ ముహూర్తం పంచాంగంలో దొరకదు, టమాటా మండీలో దొరుకుతుంది. 2023 జూలైలో మదనపల్లె యార్డులో కిలో వంద దాటి ఇంకా పైకి పోయింది చూడండి, అట్లాంటి నెలలో మండీ నుంచి తిన్నగా బండి దగ్గరికే పోవాలి. ఇంటికిపోతే డ్రిప్పు పైపులు, పురుగుమందుల అంగడి బాకీ, బ్యాంకులో కుదువపెట్టిన నగలు గుర్తుకొస్తాయి. అవి గుర్తుకొచ్చిన మనిషి కారు కొనలేడు.

మన తాతలు ఎద్దుల్ని కొన్న తీరును ఈ సందర్భంలో పూర్తిగా మరిచిపోండి. వాళ్లు సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టేవాళ్లు. సుడులు చూసేవాళ్లు. గిట్టలు ఎత్తి చూసి, కాడికట్టి నాలుగు అడుగులు నడిపించి, ఆ తర్వాత గానీ తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెట్టేవాళ్లు కాదు. పుంగనూరు ఆవు నడుం ఎత్తు కూడా రాదు, దానికీ ఇంత పరీక్ష ఉంది. ఎందుకంటే పశువుకు మాట రాదు, మనమే దాని నోరు తెరిచి చూసుకోవాలి. కారుకు ఆ ఇబ్బంది లేదు. దాని తరఫున ఓనరు తానే నోరు తెరిచి అంతా చెబుతాడు.

వేళాపాళా

ఫలానా రోజు సాయంత్రం ఆరున్నరకు వస్తామని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. చెప్పాపెట్టకుండా పొద్దున్నే పోవడం మొరటుతనం. రాత్రంతా నిలిచి చల్లబడిన ఇంజన్ మొదటిసారి తిరిగినప్పుడు లోపలి సంగతులన్నీ బయటపెడుతుంది. వాల్వు సీళ్లు అరిగి ఉంటే రాత్రి కారిన ఆయిలు కాలి గుప్పుమని నీలిపొగ వస్తుంది. బ్యాటరీ పోయే దశలో ఉంటే మూలుగుతుంది. డీజిల్ బండికి గ్లో ప్లగ్గులు పోయి ఉంటే మదనపల్లె జనవరి చలిలో నాలుగుసార్లు తిప్పితే గానీ అందుకోదు. టైమింగ్ చైను సాగిపోయి ఉంటే మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. ఒకరి సంసారం గుట్టు తెల్లారేసరికి వీధిలో పెట్టడం మనకు తగునా? ఆయనకు టైమివ్వండి. మీరు పోయేసరికి ఇంజన్ వేడెక్కి ఒక్క తిప్పుకే అందుకుంటుంది. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడొద్దు. పొరపాటున పెట్టి చుర్రుమంటే, "ఇప్పుడే అంగడికి పోయొచ్చినా సామీ" అంటాడు. నమ్మండి.

సాయంత్రం వెలుగులో ఇంకో సుఖముంది. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి పక్కన నిలబడి పొడుగునా చూస్తే, ముందు డోరు ఒక తెలుపు, వెనక డోరు ఇంకో తెలుపు అని కనబడిపోతుంది. ట్యూబ్‌లైటు కింద తెలుపంతా ఒకటే తెలుపు. వాన పడి తడిసి ఉంటే మరీ మంచిది, పాతికేళ్ల బండి కూడా నిగనిగలాడుతుంది.

కొందరు ఫ్రిజ్‌కు అతికించుకునే అయస్కాంతం బిళ్లను జేబులో వేసుకుని పోతారు. డోరు మీద, మడ్‌గార్డు మీద మెల్లగా ఆనించి చూస్తారు. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, టింకరింగ్ చేసి మందంగా లప్పం పెట్టిన చోట జారిపోతుంది. వీళ్లే డోరు అంచున రబ్బరు బీడింగు కాస్త ఊడదీసి, కంపెనీలో మిషన్ వేసిన గుండ్రటి వెల్డింగు చుక్కలు వరుసగా ఉన్నాయా, లేక చేత్తో వేసిన గడ్డలున్నాయా అని చూస్తారు. బానెట్ బోల్టుల మీద పెయింటు చెదిరిందా, స్పానరు పడిందా అని చూస్తారు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో తుప్పు, మడతలు వెతుకుతారు. ప్రతి అద్దం మూలన కంపెనీ ముద్ర, తయారైన ఏడాదికి గుర్తూ ఉంటాయి. ఐదు అద్దాలకు ఒక ఏడాది, ముందు అద్దానికి ఇంకో ఏడాది ఉంటే అక్కడ ఏం జరిగిందని అడుగుతారు. ఇంతకన్నా అన్యాయం ఉందా? ఆ ఓనరు పాపం సొంత డబ్బుతో కొత్త అద్దం వేయించాడు. మీకు లాభమే కదా.

టైర్ల విషయం మాత్రం చూడొచ్చు. నల్లగా మెరుస్తున్నాయా లేదా, అంతవరకే. పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. ఆ అంకె చదవడానికి గొంతుక్కూర్చోవాలి, పంచె మాస్తుంది. పెద్దమనిషి పాలిష్ కొట్టించి పెట్టాడు, చాలు.

ఏ బండి కొనాలి

ఊళ్లో ఎవరికీ లేని బండి కొనండి. మారుతి 800 అంటే 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిపోయిన బండి. వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. అయినా గుర్రంకొండ బస్టాండు దగ్గర ఏ భాయ్ షెడ్డుకు తీసుకుపోయినా కళ్లు మూసుకుని విప్పి బిగిస్తారు. సామాను వాయల్పాడులో లేకపోతే మదనపల్లెలో దొరుకుతుంది. ఇందులో గొప్పేముంది? అదే డబ్బుకు బెంగళూరులో ఎవరో పెద్దాయన వాడి వదిలేసిన జర్మనీ కారు వస్తుంది. కొన్నప్పుడు లక్షలు పోసిన బండి ఇప్పుడు ఆల్టో ధరకు వస్తోందంటే దానికి అమ్మేవాడి మంచితనం తప్ప ఇంకో కారణం ఉంటుందని ఊహించవద్దు. దాని సస్పెన్షన్ ఒక పక్క మార్చే ఖర్చుతో ఇంకో మారుతి వస్తుందంటారు. అదంతా అసూయ.

లేదూ, దేశం వదిలి వెళ్లిపోయిన కంపెనీ బండి చూసుకోండి. షెవర్లే కార్ల అమ్మకం ఇక్కడ 2017తో ఆగింది. ఫోర్డు ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో చెప్పింది. బండ్లు మంచివే, నడుస్తున్నాయి కూడా, అందుకే ధర తగ్గినా కొనేవాళ్లున్నారు. ఒక సెన్సరు కోసం బెంగళూరు జేసీ రోడ్డులో అంగడి అంగడీ తిరగడం, దొరకకపోతే స్క్రాపులోంచి తీసింది తెచ్చుకోవడం, అది కూడా పనిచేయకపోతే మళ్లీ పోవడం – ఇంట్లో కూర్చునే మనిషికి ఇంత లోకజ్ఞానం ఎట్లా వస్తుంది?

ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి తగ్గ రబ్బరు, గ్యాస్కెట్లు 2023 తర్వాతి బండ్లకు వేస్తున్నారు. పాత బండిలో పెట్రోలు పైపులు ఎప్పటివో, గట్టిపడి పగుళ్లు వచ్చాయేమో వేలితో నొక్కి చూడమంటారు. మీరు నొక్కవద్దు. పగిలితే నొక్కినవాడిదే తప్పవుతుంది.

పొగలో ఏముంది

నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిలు సిలిండర్లోకి చేరి కాలుతోందని, రింగులు అరిగాయని, బోరు పని పడుతుందని మెకానిక్కులు చెబుతారు. నల్లపొగ అయితే ఇంధనం ఎక్కువై సరిగా కాలడం లేదని, డీజిల్ బండి అయితే ఇంజెక్టర్లు చూడాలని అంటారు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తుంటే రేడియేటర్ నీళ్లు హెడ్ గ్యాస్కెట్ దాటి లోపలికి పోతున్నాయని బెదిరిస్తారు. వీటికి మా ఊరి పద్ధతి చాలా తేలిక. సైలెన్సర్ వెనకపక్క ఉంటుంది; మీరు ముందుపక్క నిలబడండి. హెడ్‌లైట్లు మెచ్చుకోండి.

ఆయిలు పోసే మూత విప్పి చూడమనేవాళ్లు కూడా ఉన్నారు. మూత లోపలి పక్క మీగడలాంటి తెల్లటి ముద్ద కనిపిస్తే నీళ్లూ ఆయిలూ కలిశాయేమోనని అనుమానించాలట. ఇంజన్ నడుస్తుండగా ఆ మూతను తిరగేసి సందు మీద పెడితే కుదురుగా ఉండాలట. ఎగిరెగిరి పడుతూ, గేజీ కడ్డీ పక్క నుంచి గాలి కొడుతుంటే కంప్రెషన్ రింగులు దాటి కిందికి జారుతోందట. మదనపల్లెలో ఏ మంచి షెడ్డులోనైనా కంప్రెషన్ గేజీ పెట్టి నాలుగు సిలిండర్లకూ లెక్క చెబుతారు, అరగంట పని. కానీ ఆలోచించండి, మూత ఎగురుతోందంటే ఇంజన్‌లో ఇంకా ఊపిరి ఉన్నట్టే కదా. పైగా ఆ అరగంటా ఓనరుగారు షెడ్డు బయట రాయి మీద కూర్చోవాలి. ఆయన వయసు చూడండి.

రేడియేటర్ కథ మన పక్క ప్రత్యేకం. మా బోరు నీళ్లు గిన్నెలో కాచినా అడుగున తెల్లగా సున్నం కడుతుంది. ఆ నీళ్లనే కూలెంటు బదులు ఏళ్లతరబడి పోసిన బండ్లు చాలా ఉంటాయి. మూత తీస్తే పచ్చగానో ఎర్రగానో ఉండాల్సిన కూలెంటు చోట తుప్పురంగు నీళ్లు కనిపిస్తాయి. లోపల సన్నటి గొట్టాలు సగం పూడి ఉంటాయి. ఇట్లాంటి బండి ఊళ్లో తిరిగినంతసేపూ బాగుంటుంది, ఎండలో ఏసీ వేసుకుని నలుగురెక్కినప్పుడు ముల్లు పైకి పోతుంది. మూత తీయాలని మీకు బుద్ధి పుట్టవచ్చు. వేడిమీదున్న ఇంజన్‌కు మూత తీస్తే ముఖం కాలుతుంది. సాయంత్రం ఆరున్నరకు వస్తామని ఆయనకు ముందే చెప్పినందుకు ఇంకో లాభం ఇది.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడగవద్దు. అది రబ్బరు పట్టీ. బయటికి కనపడదు. తెగేదాకా ఏ శబ్దమూ చేయకపోవచ్చు. తెగినరోజు చాలా ఇంజన్లలో వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇంత నిశ్శబ్దంగా ఉండే భాగం గురించి మనం ఎందుకు నోరు చేసుకోవాలి?

మీటరు, ప్రమాణం

మీటర్లో 38,420 అని ఉంటే 38,420 అనే చదవాలి. పన్నెండేళ్ల బండి ఏడాదికి మూడువేల చిల్లరే తిరిగిందా అని నోటిలెక్క వేయకూడదు. ఉద్యోగానికి రోజూ పోనురాను యాభై కిలోమీటర్లు తోలిన మాస్టారి బండి, ఏడాదికి మూడొందల రోజులకు 15,000, పన్నెండేళ్లకు 1,80,000 కావాలి కదా అంటే లెక్కల మాస్టారైనా నొచ్చుకుంటాడు. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు చెరిగిపోయాయా, స్టీరింగు మీద చేతులు పడేచోట నున్నబడి మెరుస్తోందా, డ్రైవరు సీటు కుడి అంచు దిగి దిగి కుంగిపోయిందా అని చూడకండి. కొత్త సీటు కవర్లు వేసింది మీరు చూడకూడదనే కదా, ఆ శ్రమను గౌరవించండి. సర్వీసుకు పోయిన ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో షోరూమ్ కంప్యూటర్లో రాసి ఉంటుంది. ఆ కాగితం అడిగితే, "సర్వీసంతా బయటే చేయించినా సామీ, షోరూమోళ్లు దోచుకుంటారు" అంటాడు. ఈ మాటతో మీరు మనస్ఫూర్తిగా ఏకీభవిస్తారు. అక్కడితో సంభాషణ ముగుస్తుంది.

పాతకాలపు మీటర్లలో అంకెల చక్రాలను చేత్తో వెనక్కి తిప్పేవాళ్లు. అంకెలు ఒక వరసలో కుదురుకోక ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉండేవి, దొరికిపోయేవాళ్లు. డిజిటల్ మీటర్లు వచ్చాక ఆ అవస్థ పోయింది. ల్యాప్‌టాప్ తగిలిస్తే కాఫీ చల్లారేలోగా లక్ష కిలోమీటర్లు మాయం.

అంతగా అనుమానముంటే కాణిపాకం ఉండనే ఉంది. అక్కడి కోనేట్లో మునిగి వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తే అబద్ధం నిలవదని మన పక్క నమ్మకం. అప్పుల తగాదాలనుంచి దొంగతనాల దాకా ఎన్నో పంచాయతీలు అక్కడికి చేరతాయి. మీరు మీటరు మాటెత్తగానే బ్రోకరు ఫోన్లోనే, "కాణిపాకం సామి సాక్షిగా ఒరిజినల్ మీటర్" అంటాడు. కోనేరు చిత్తూరు పక్కన, బ్రోకరు వాయల్పాడులో, తడవకుండా చేసిన ప్రమాణానికి దేవుడు పూచీ పడతాడా అన్నది శాస్త్రం తెలిసినవాళ్లు తేల్చాలి. మీటరు పెట్టె మాత్రం ఒరిజినలే, ఆ మాట నిజం.

అమెరికాలో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం అచ్చువేశాడు. బండి సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు ఏ బండికైనా సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధర గిట్టక, మంచి బండి ఉన్నవాడు దాన్ని ఇంట్లోనే పెట్టుకుంటాడు. అట్లా మంచివన్నీ తప్పుకుని సంతలో చెత్త మిగులుతుంది. ఇంత మాత్రం సంగతికి ఆయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. ఇదే సంగతి తెలిసిన మన బ్రోకర్లకు కమిషన్ తప్ప ఏమీ దక్కలేదు. అకెర్లాఫ్ సిద్ధాంతాన్ని మనం అర్థం చేసుకోవాల్సిన తీరు ఇది: బండి సంగతి తెలిసినవాడు అక్కడ ఒకడు ఉన్నాడు కదా, ఇద్దరం తెలుసుకోవడం ఎందుకు?

సెంటు వాసన

డోరు తీయగానే మల్లెపూల వాసనో గంధం వాసనో గుప్పుమంటే అది శుభసూచకం. లోతుగా పీల్చి, దాని కింద ఇంకేదైనా వాసన ఉందా అని వెతక్కండి. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ వానలకే తిరుపతి వీధులు చెరువులయ్యాయి. 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగు రోడ్డు పక్క కాలనీల్లో కార్లు కప్పుదాకా నీళ్లలో నిలిచాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు మళ్లీ చెన్నై. ఈ ఊళ్లన్నీ మనకు సగం రోజు ప్రయాణంలోపే. నీళ్లలో నానిన బండి బాగుచేయడం గిట్టదని తేలితే ఇన్సూరెన్సు కంపెనీ డబ్బిచ్చేసి, ఆ బండిని వేలానికి పెడుతుంది. వేలంలో కొన్నవాడు దాన్ని కడిగి, ఆరబెట్టి, కార్పెట్లు మార్చి, సెంటు కొట్టి, నీళ్ల కథ తెలియని ఊరికి పంపుతాడు. మనకు ఆ కథ తెలియకపోవడమే ఇక్కడ మన అర్హత.

తెలుసుకోవాలన్న దురద ఉన్నవాళ్లు సీటుబెల్టును చివరంటా బయటికి లాగి చూస్తారు. మామూలుగా ఎవరూ అంతదూరం లాగరు కాబట్టి కడిగినవాడికీ గుర్తుండదు; బురద మరక అక్కడ మిగిలిపోతుంది. సీటు కింద పట్టాలకు తుప్పు, డాష్‌బోర్డు వెనక వైర్ల మధ్య సన్నటి ఒండ్రు, హెడ్‌లైటు అద్దం లోపల ఆవిరి, ఇవి కూడా చూస్తారు. ఇంజన్ అయితే బాగుచేయొచ్చు. వైర్లలోకీ కంప్యూటర్ పెట్టెల్లోకీ దిగిన తేమ ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కొక్క స్విచ్చుగా పనిచేస్తుంది. వైపరు వేస్తే హారను మోగుతుంది. ఇట్లాంటి బండి ఇంట్లో పిల్లలకు మంచి కాలక్షేపం.

తోలి చూడటం

తోలి చూడకుండా కొనమని నేను చెప్పను, అది మరీ అతి. గుర్రంకొండ నుంచి రాయచోటి రోడ్డులో తిన్నగా ఉన్నచోట అర కిలోమీటరు పోయి రండి. అద్దాలు మూసి, ఏసీ వేసి, పాటలు పెట్టమనండి. పాటల డబ్బా కొత్తదైతే ఆయన తప్పక పెడతాడు. గతుకుల్లోకి పోవద్దు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి చిన్న గుండ్రం కొట్టవద్దు. డ్రైవ్ షాఫ్టు జాయింట్లు అరిగి ఉంటే కటకటమంటాయి, పాట వినపడదు. చదునైన చోట ఒక క్షణం స్టీరింగు వదిలి బండి ఏ పక్కకు లాగుతోందో చూడవద్దు. హ్యాండ్‌బ్రేకు వేసి, మూడో గేరులో క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయినట్టు అని బావమరిదికి ఎవరో చెప్పి ఉంటారు. అతను చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

అన్నిటికన్నా ముఖ్యం, హార్స్లీ కొండ వైపు తిప్పవద్దు. కడప కలెక్టరు హార్స్లీ దొర ఇల్లు కట్టుకోబట్టి ఆ పేరొచ్చిన కొండ అది, సముద్రమట్టానికి నాలుగువేల అడుగుల పైన. ఆ ఘాట్ రోడ్డు ఎక్కితే అమ్మేవాడు దాచినవి అన్నీ మలుపుకొకటి బయటపడతాయి. క్లచ్ జారేదయితే ఇంజన్ అరుస్తుంది, బండి పైకి పోదు. పూడిన రేడియేటరు సగం కొండకే కాగుతుంది. దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన వస్తే డిస్కుల సంగతి తెలుస్తుంది. గంటన్నరలో, ఒక ఐదొందల పెట్రోలుతో బండి జాతకమంతా తేలిపోతుంది. ఆ తర్వాత ఓనరు ముఖం మీరెట్లా చూస్తారు? తిరుగు ప్రయాణంలో ఆయన మీ పక్క సీట్లోనే కదా ఉండేది.

కాగితాలు

కాగితాల దగ్గర మొహమాటం రెట్టింపు ఉండాలి. ఫోన్లో పరివాహన్ యాప్ తెరిచి నంబరు కొడితే బండి ఎన్నో చేతిలో ఉందో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో, ఏ బ్యాంకు దగ్గర తాకట్టులో ఉందో వస్తుంది. "సింగిల్ హ్యాండ్ బండి" అని ఆయన నోటితో చెప్పాక ఫోన్ తీయడం అవమానించడమే. ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరుంటే 35వ నంబరు ఫారం, కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ తెమ్మని అడగాలంటారు. "లోను ఎప్పుడో కట్టేసినా, పేరు తీయించేది మరిచిపోయినా" అని అంటే, మరుపు ఎవరికి లేదు చెప్పండి. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరూ బండి మీద కొట్టిన నంబరూ ఒకటేనా అని చూడ్డానికి టార్చి పట్టుకుని వంగాలి. వంగకండి.

పద్నాలుగేళ్ల పది నెలల బండి కొనడం అన్నిటికన్నా తెలివైన పని. అంత చవగ్గా ఇంకెప్పుడూ రాదు. పదిహేనేళ్లు నిండగానే ఆర్‌సీ రెన్యువల్‌కు బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. పైన టింకరింగు, పెయింటు, లైట్లు, బ్రేకులు. ఆయన రెండు నెలలు ముందు అమ్ముతున్నది మీమీద అభిమానంతోనే.

కుప్పంలో రోడ్డు పక్కన టీ తాగేలోపు ఏపీ, కేఏ, టీఎన్ మూడు రకాల నంబర్లూ ముందర నుంచి పోతాయి. మదనపల్లెలోనూ, చింతామణి మీదుగా బెంగళూరు నుంచి వచ్చిన కేఏ బండ్లు తక్కువేం కాదు. ఇవి అదే మోడలు ఏపీ బండికన్నా చవగ్గా వస్తాయి. కారణం ఏమంటే, ఏడాది దాటి ఇక్కడే ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ కింద ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్‌టీఓ నుంచి 28వ నంబరు ఫారంలో ఎన్‌వోసీ రావాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి, చెల్లించని చలానాలుంటే అవీ కట్టాలి. ఈ ఖర్చు కలుపుకుంటే చవక కాస్తా కరిగిపోతుంది. అందుకే కలుపుకోవద్దు. ఎవరైనా ఆపితే, నిన్ననే బెంగళూరు నుంచి వచ్చినామని చెప్పండి. ఆ మాట ఎన్నేళ్లయినా చెప్పొచ్చు.

మా గుర్రంకొండ కోట మీద ఒక గుర్రం కాపలా ఉండేదని, అది ఉన్నంతకాలం కోట ఎవరికీ చిక్కలేదని, ఒక మొనగాడు కొండ నిట్టనిలువు పక్క నుంచి ఎక్కి దాన్ని ఎత్తుకుపోయాడని పాత కథ ఉంది. పేరు మార్పు లేకుండా చేతులు మారిన బండ్లకు మా ఊళ్లో అంత పాత చరిత్ర.

పేరు మార్పు గురించే ఇక మిగిలింది. డాక్టరుగారి బండి కొన్నారనుకోండి. 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు, ఇన్సూరెన్సు పేరు మార్పు, ఇదంతా ఒక పూట పని. బ్రోకరు అంతకన్నా తేలికైన దారి చూపిస్తాడు. డాక్టరుగారు సంతకం చేసిన ఖాళీ ఫారాలు మీ చేతిలో పెట్టి, "నీకు ఎప్పుడు అవసరమైతే అప్పుడు పేరు రాసుకో అన్నా" అంటాడు. రాసుకోకండి. రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని, బండి చేతులు మారుతూ పోయినా ప్రమాదానికి పరిహారం భారం వాళ్లమీదే పడుతుందని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీరు గుద్దితే డాక్టరుగారు కోర్టుకు పోతారు. మీ బండికే దెబ్బ తగిలితే మాత్రం ఇన్సూరెన్సు డబ్బు మీ పేరుతో రాదు, అది వేరే సంగతి. రెండేళ్ల తర్వాత మీరు అమ్మేటప్పుడు అవే ఖాళీ ఫారాలు ఇంకొకరికి ఇస్తారు. ఆయన పుంగనూరులో ఇంకొకరికి. ఈలోపు డాక్టరుగారు కాలం చేస్తారు. హోస్కోట దగ్గర సీటుబెల్టు లేదని, చిత్తూరులో సిగ్నలు దాటారని ఆయన ఫోన్‌కు చలానాలు వస్తూనే ఉంటాయి. బతికున్నప్పుడు ఆయన వానలో బండి బయటికి కూడా తీయలేదట; పోయాక మూడు రాష్ట్రాలు తిరుగుతున్నారు. ఆ ఫోన్ ఇప్పుడు కొడుకు దగ్గర ఉంది. అతను ఎప్పుడైనా మీకు ఫోన్ చేసి, "అంకుల్, మా నాయన బండి ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని అడిగితే, మంచి కండిషన్‌లో ఉందని చెప్పండి.